లోతుగా పడిన పలక

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే పనిని ఒకే తీరుగా చేస్తూ వచ్చిన మనిషి, ఒక్కసారి, ఒకే ఒక్క పలక మీద తప్పు చేస్తే ఆ తప్పు మనిషిదా, అతని చేతిదా? ఈ ప్రశ్నకి జవాబు ఇప్పటికీ దొరకలేదు. అతన్ని ఈ మాట అడిగింది కూడా ఒక్కరే, అతని అక్క. ఆవిడకీ అతను జవాబు చెప్పలేకపోయాడు.

అతను లోహం మీద అక్షరాలు చెక్కేవాడు. తాళాలు బాగుచేసేవాడి కొట్టుకీ దర్జీ కొట్టుకీ మధ్య, పై అంతస్తుకి పోయే మెట్ల కింద అతని కొట్టు. మెట్ల అడుగు ఏటవాలుగా తల మీదికి దిగి ఉండటం వల్ల లోపలికి వచ్చినవాళ్ళందరూ, ఎంత పెద్దవాళ్ళైనా, తల వంచి రావలసిందే. ఇళ్ళ తలుపులకి పేర్ల పలకలు, బడిపిల్లల కప్పులు, చేతి గడియారాల వెనక పెళ్ళిరోజు తేదీలు, ఆసుపత్రి వరండాలో బల్లల మీద ఫలానావారి జ్ఞాపకార్థం అని రెండు వరుసలు. ఊళ్ళో సగం మంది పేర్లు అతని చేతి కింది నుంచి పోయినవే. అతని పేరు మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు. పలకాయన అనేవారు.

పనిబల్ల మీద ఇసుక కూరి కుట్టిన గుండ్రటి తోలు సంచి ఉండేది. పలకని దాని మీద పెట్టి, కంటికి అద్దం బిగించుకుని, సన్న ఉలి ఆనించేవాడు. ఉలి పట్టిన కుడిచెయ్యి దాదాపు కదలదు. ఎడమచేత్తో పలకనే మెల్లగా తిప్పుతూ ఉలి కిందికి తెస్తాడు. ఎదుట నిలబడి చూసేవాళ్ళకి అతను రాస్తున్నట్టు ఉండదు, పలకే వెళ్ళి రాయించుకుంటున్నట్టు ఉంటుంది. ఇది వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. ఉలిని తరిమితే అక్షరం బెదురుతుందిరా అనేవాడాయన.

మాటలు తక్కువ మనిషి. ఆయన నోట మాట రావాలంటే ముందు నమూనా కాగితం మీద రాసి చూపించాలి అని భార్య వీధిలో చెప్పేది. అతను అది విని నవ్వేవాడు. నవ్వు కూడా నమూనాయే, అసలుది ఇంకా రాలేదు అనేది ఆవిడ.

ఏడాదికోసారి, వానలు వెనకబట్టాక, ఊళ్ళో పెద్ద సభామందిరంలో సంగీతం వాళ్ళ బహుమతుల పండగ జరిగేది. మధ్యాహ్నం మూడింటికి మొదలై దీపాలు పెట్టేవేళకి ముగిసేది. పాడినవాళ్ళకి, స్వరం కట్టినవాళ్ళకి, పాట రాసినవాళ్ళకి, వాయించినవాళ్ళకి, రికార్డు చేసినవాళ్ళకి, ఇలా తొమ్మిది రకాల బహుమతులు. ఒక్కోదానికి ఐదేసి పేర్లు ముందుగా ప్రకటిస్తారు. ఐదింట్లో గెలిచినదెవరో సీలు వేసిన కవర్లో ఉంటుంది. వేదిక మీద విప్పేదాకా ఎవరికీ తెలియదు.

ఇబ్బంది అక్కడే వచ్చేది. బహుమతి బొమ్మ కింద పేరున్న ఇత్తడి పలక ఉండాలి. గెలిచేదెవరో చెక్కేవాడికి ముందే చెబితే గుట్టు రట్టవుతుంది. అప్పటికప్పుడు చెక్కాలంటే వేళ చాలదు. అందుకని పలకాయన మొదటి ఏడాదే ఒక ఉపాయం చెప్పాడు. అందరి పేర్లూ ముందే చెక్కేస్తాడు, కానీ తేలిక గీతతో, వెంట్రుక మందాన, పైపైన. గెలిచినవాళ్ళు వేదిక దిగి బొమ్మ పట్టుకుని వెనక గదికి వస్తారు. అక్కడ వాళ్ళ పలకని తీసి, అదే గీతల్లో మళ్ళీ ఉలి నడిపి, లోతు చేసి, నల్లరంగు దిద్ది, బొమ్మకి రెండు స్క్రూలతో బిగించి ఇస్తాడు. పావుగంట పని. మిగిలిన పలకల్ని కొట్టుకి తీసుకుపోయి ఆకురాయితో పేర్లు అరగదీసి, గరుకు కాగితంతో నున్నచేసి, మూడు రోజుల్లో సంగీతం వాళ్ళ ఆఫీసులో అప్పగిస్తాడు. మరుసటేటికి అవే పలకలు. ఒక్కో పలక ఏడెనిమిదేళ్ళు వచ్చేది. ఓడినవాళ్ళ పేర్లు వరసగా ఒకదాని మీద ఒకటి పడి, అరిగి, పలక పలచబడి, చివరికి గుండు సూదితో కూడా గుచ్చొచ్చు అన్నంతగా అయ్యాక తీసేసేవాడు.

చెరిపేసిన పలకల్ని అప్పగించడం ఆఫీసు వాళ్ళ గట్టి నియమం. పేరున్న పలక ఒక్కటి బయట మిగిలిపోతే రేపు ఎవరో దాన్ని ఏ బొమ్మకో బిగించి గెలిచామని చెప్పుకోవచ్చు. ముప్పై ఏళ్ళలో ఒక్క పలక తేడా రాలేదు. ఆ ఆఫీసు కార్యదర్శి ఇప్పుడు వాటిని లెక్కపెట్టడం కూడా మానేశాడు.

వెనక గది నిజానికి విరిగిన కుర్చీలు పడేసుకునే గది. గోడకి ఒక స్పీకరు, అందులోంచి వేదిక మీది మాటలూ చప్పట్లూ వినిపించేవి. అతను కూర్చునే బల్లకి ఒక కాలు పొట్టి. అదెప్పుడూ ఊగేది. ప్రతి ఏడూ అతను కార్యదర్శికి చెప్పేవాడు, ప్రతి ఏడూ కార్యదర్శి అయ్యో అనేవాడు. పలకాయన మోకాలు అడ్డుపెట్టి పని చేసేవాడు.

ఆ పావుగంటలో గెలిచినవాళ్ళు అతని ఎదుట ఏం చేసేవారో ఒక పుస్తకం రాయొచ్చు. వేదిక మీద ఏడ్చినవాళ్ళు ఇక్కడికొచ్చి ఆవులించేవారు. వేదిక మీద చమత్కారాలు పోయినవాళ్ళు ఇక్కడ కుర్చీలో కూలబడి గోడకేసి చూసేవారు. ఒకాయన రెండు బూట్లూ విప్పేసి, కాళ్ళు చాపి, నాన్నా నీకెందుకివన్నీ అని తనని తానే మందలించుకున్నాడు. ఒకావిడ తన పేరు ఎంత లోతు పోతుందని అడిగింది. మీ మనవలు చదివేటంత అన్నాడు అతను. ఆ గదిలో అతను అన్న పొడుగు మాట అదొక్కటే.

ఇక అక్క.

ఆవిడ అతనికన్నా ఐదేళ్ళు పెద్ద. భర్త పోయాక తమ్ముడి ఇంట్లో, కొట్టు మీది అంతస్తులో వీధివైపు గదిలో ఉండేది. పంతొమ్మిదో ఏట నుంచి స్టూడియోల్లో బృందగానం పాడుతూనే ఉంది. అసలు పాడేవాళ్ళది మొదటి మైకు. వెనక గుంపుగా పాడే నలుగురైదుగురు ఆడవాళ్ళది రెండో మైకు. నలభై నాలుగేళ్ళుగా ఆవిడ చోటు అక్కడే కాబట్టి స్టూడియోల్లో ఆవిడ పేరు రెండో మైకు. రెండో మైకు వచ్చిందా, అయితే మొదలెట్టండి అనేవారు. పాటల అట్టల మీద మాత్రం పాడినవారు ఫలానా, ఫలానా, బృందం అని ఉండేది. ఆ చివరి మాటలో ఆవిడ ఉండేది.

దానికి ఆవిడ బాధపడ్డట్టు ఎప్పుడూ ఎవరూ చూడలేదు. రేడియోలో పాట వస్తుంటే మరదలు వంటింట్లోంచి కేకేసేది, వదినా, ఈ ఊ అనేది మీరేనా అని. ఆ ఊలో నాలుగోవంతు నాది, మిగతాది వాళ్ళనడిగి చెబుతా అనేది ఆవిడ.

పలకాయనకి దగ్గరచూపు మందగించాక, అంటే తొమ్మిదేళ్ళుగా, బహుమతుల పలకల్ని ఆఖరిసారి చూసి సర్దడం అక్క పని అయింది. చూడటమంటే కళ్ళతో కాదు. బొటనవేలు పలక మీద మెల్లగా నడిపేది. ఎక్కడైనా గీత ఎక్కువతక్కువైతే వేలికి తగిలేది. ఇక్కడ ఉలి రెండుసార్లు పోయిందిరా, కాస్త నున్నచెయ్యి అని ఇచ్చేసేది. తరవాత వాటిని ఐదేసి చొప్పున మెత్తటి గుడ్డలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టేది. కాబట్టి తేలిక గీతంటే ఏమిటో, లోతు గీతంటే ఏమిటో, ఏది ఎవరికి పడుతుందో ఆ ఊళ్ళో ఇద్దరికే తెలుసు.

ఆ పండగ మొదలైన ముప్పై ఒకటో ఏడాది పదో రకం బహుమతి పెట్టారు. ఉత్తమ సహగానం. వెనక పాడేవాళ్ళకి. ఐదు పేర్లలో రెండోది అక్కది.

ఉత్తరం వచ్చిన రోజు ఆవిడ నవ్వింది. చివరికి దీంట్లో కూడా ఐదుగురిలో ఒకదాన్నే, బృందమే కదా అంది. మరదలు మాత్రం ఆ సాయంత్రానికి వీధంతా చెప్పేసి, దర్జీచేత అక్కకి నీలం గుడ్డతో కొత్త బట్టలు కుట్టించే ఏర్పాటు కూడా చేసి వచ్చింది. అవి కుట్టి వచ్చాక అక్క అద్దం ముందు వాటిని భుజాన వేసుకుని, ఒసే మరదలా, నేను పాడితే ఎవరూ నన్ను చూడరే, ఈ రంగు ఎవరికి చూపించను అంది.

పలకాయన కార్యదర్శి దగ్గరికి వెళ్ళాడు. జాబితాలో మా అక్క ఉంది, ఈ ఏడాదికి ఇంకెవరిచేతనైనా చెక్కించండి అన్నాడు. ఇంకెవరున్నారండీ, అయినా గెలిచేదెవరో నాకే తెలీదు, మీకేం తెలుస్తుంది అని కార్యదర్శి తేల్చేశాడు. అదీ నిజమే అనిపించింది. ఇంటికొచ్చి, ఈసారి పెట్టె ముట్టుకోకక్కా, నేనే సర్దుకుంటాను, బాగుండదు అన్నాడు. ఆవిడ సరేలేరా అంది.

యాభై పలకల్లో సహగానం ఐదూ చివరికి ఉంచాడు. అందులో అక్కది ఆఖరు. మిగతా నాలుగూ ఒక్కోటి అరగంటలో అయిపోయాయి. అక్క పలక ఇసుక సంచి మీద పెట్టినప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. తలెత్తి చూసేసరికి దర్జీ తన కొట్టులో దీపం వేస్తున్నాడు. పక్కన భార్య పెట్టి వెళ్ళిన టీ మీద మీగడ కట్టి ఉంది. ఎప్పుడు పెట్టిందో తెలియదు. నలభై నాలుగేళ్ళుగా ఏ అట్ట మీదా లేని పేరుని అతను మొదటిసారి చెక్కాడు. అక్షరాలు బాగా వచ్చాయని అనుకున్నాడు. బల్ల మీద పడిన ఇత్తడి రజను అలవాటుగా అరచేత్తో డబ్బాలోకి తుడిచేశాడు. తేలిక గీతకి పడేది పొడి. ఆ రోజు పడినవి పొడి కావు, ముదురు వంకీలు. వాటిని చూసి ఉంటే తెలిసిపోయేది. చూశాడో లేదో అతనికే గుర్తులేదు.

పలకలు గుడ్డల్లో చుట్టి, పెట్టె మూసి, కొక్కెం పెట్టాడు.

పండగ రోజు పొద్దున పెట్టె బల్ల మీదే ఉంది. అతను పైకి స్నానానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అక్క మెట్ల మీద ఎదురైంది. దారి ఇచ్చి పైకి వెళ్ళిపోయింది.

ఆ పూటంతా ఆవిడ తీరు వేరుగా ఉందని మరదలు తరవాత చెప్పింది. నిన్నటిదాకా వేళాకోళాలాడిన మనిషి నోరు మెదపలేదు. నీలం బట్టలు మళ్ళీ ఇస్త్రీ చేయించుకుంది. కిటికీ దగ్గర కూర్చుని ఒక కాగితం మీద ఏదో రాసింది. మరదలు వంగి చూస్తే అన్నీ పేర్లు. ఆవిడతో పాటు రెండో మైకు దగ్గర పాడినవాళ్ళవి, పదకొండు. కొందరు పోయారు, కొందరు పాడటం మానేశారు. ఒక్కో పేరూ పెదవులతో అనుకుని, మళ్ళీ మొదటికొచ్చి అనుకుంటోంది. దేనికి వదినా అంటే, మరిచిపోతానేమోనని అంది. మరదలికి అర్థం కాలేదు. పలకాయనకి చెబుదామంటే అతను అప్పటికే పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సభలో నాలుగోది సహగానం. వెనక గదిలో పలకాయన మూడో గెలుపువాడికి స్క్రూలు బిగించి పంపేశాక, చేతులు తుడుచుకుని, స్పీకరు కింద నిలబడ్డాడు. ఐదు పేర్లు చదివారు. అక్క పేరు రెండోది. మందిరంలో ఆ పేరు అంత పెద్దగా వినపడటం అదే మొదలు. కవరు చింపిన చప్పుడు కూడా మైకులో వినిపించింది. తరవాత వచ్చిన పేరు ఒక కుర్రపిల్లది. ఎప్పుడూ జలుబు చేసినట్టుండే గొంతుతో రెండేళ్ళుగా మంచి పేరు తెచ్చుకున్న పిల్ల. స్టూడియోల్లో జలుబమ్మాయి అనేవారు. చప్పట్లు కొట్టారు.

పలకాయన కుర్చీలో కూర్చుని సహగానం మూట విప్పి, జలుబమ్మాయి పలక తీసి సంచి మీద పెట్టుకున్నాడు. అక్క పలక కిందనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. ఆ పిల్ల రావడం ఆలస్యమైంది, ఫొటోలు తీస్తున్నారు. తలుపు తెరుచుకుంటే ఆ పిల్లే అనుకున్నాడు. వచ్చింది అక్క.

నీలం బట్టల్లో, చేతిలో మడిచిన పేర్ల కాగితంతో. విరిగిన కుర్చీల్లో కాస్త బాగున్నది చూసుకుని అతని ఎదుట కూర్చుంది. గెలిచినవాళ్ళు కూర్చునే చోటు అది.

"పొద్దున చూసుకున్నాన్రా," అంది. బొటనవేలు పైకెత్తి చూపించింది.

అతనికి వెంటనే తట్టలేదు. తరవాత మూటలోంచి అక్క పలక తీసి తన బొటనవేలు దాని మీద నడిపాడు. మొదటి అక్షరం దగ్గరే వేలు ఆగింది. గీత కాదు, కాలవ. గెలిచినవాళ్ళకి చేసే లోతు. ఇక నల్లరంగు దిద్ది బిగించడమే తరువాయి.

"నాకేం తెలీదక్కా. నాకెవరూ ఏమీ చెప్పలేదు."

"అది ఇప్పుడు తెలిసింది."

ఆవిడ గొంతులో కోపం లేదు. జరిగింది ఒకదాని తరవాత ఒకటి చెప్పింది. ముట్టుకోవద్దన్నాడు కదా అని ముందు ముట్టుకోలేదట. తరవాత తన పేరు ఎలా ఉంటుందో చూద్దామనిపించిందట. పేరు మీద వేలు పెట్టగానే, ఆఫీసువాళ్ళు వీడికి చెప్పేశారు, అందుకే ముట్టుకోవద్దన్నాడు అనుకుందట. పొద్దుటినుంచి ఆవిడ గెలిచిన మనిషిలాగే ఉంది, సభలో కుర్చీలో కూడా అలాగే కూర్చుంది.

"కవరు చింపగానే సగం లేచాను కూడా," అంది. "పక్కావిడ, ఏమ్మా కాలు తిమ్మిరెక్కిందా అని అడిగింది. అవునన్నాను."

అతను పలకని బల్ల మీద పెట్టాడు. బల్ల ఊగింది. ఉలి దొర్లిపోబోతే పట్టుకున్నాడు. ఆవిడ వంగి బల్ల కింద చూసింది. చేతిలో కాగితాన్ని ఇంకో రెండు మడతలు వేసి, పొట్టి కాలు కింద పెట్టి, బల్లని అటూ ఇటూ కదిపి చూసింది. అది కదల్లేదు.

"ఇక పని చూసుకో. ఆ పిల్ల వస్తోంది," అంది. "ఆఖరి పాటకి నేను వెనక నిలబడాలి. వస్తా."

తలుపు దగ్గర జలుబమ్మాయి ఎదురైంది. బొమ్మని ఒక చేతిలోకి మార్చుకుని అక్క కాళ్ళకి వంగబోయింది. ఆవిడ ఆ పిల్ల భుజం తట్టి వెళ్ళిపోయింది.

జలుబమ్మాయి కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పేసింది. పలకాయన ఎవరో ఆ పిల్లకి తెలియదు. ఆవిడకే రావలసిందండీ ఇది అని తనే మొదలుపెట్టింది. మొదటిసారి బృందంలో పాడినప్పుడు తను శ్రుతి జారిపోతుంటే పక్కనుంచి ఆవిడ ఒక్కర్తీ గట్టిగా పట్టుకుందట. ఎవరికీ తెలియకుండా. తనని కూడా చూడకుండా. రికార్డు విన్న రోజున గానీ తనకే తెలియలేదట. అతను తలూపి ఉలి ఆనించాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ బల్ల మీద మోకాలు అడ్డుపెట్టకుండా చేసిన పని అదొక్కటే. అక్షరాలు బాగా వచ్చాయి. రంగు దిద్ది, స్క్రూలు బిగించి ఇచ్చాడు. ఆ పిల్ల దాన్ని చదువుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళింది.

ఆఖరి పాట స్పీకరులోంచి వచ్చింది. వెనక ఆరేడు గొంతులున్నాయి. అందులో అక్కది ఏదో అతను పోల్చుకోలేకపోయాడు. ఎప్పుడూ పోల్చుకోలేడు. పోల్చుకోగలిగితే ఆవిడ సరిగ్గా పాడనట్టు.

మర్నాడు, ఆ మర్నాడు, ఆకురాయి పని. ముప్పై తొమ్మిది పలకలు నున్నగా అయ్యాయి. నలభయ్యోది మిగిలింది. దాన్ని లక్క దిమ్మకి అంటించి ఆకురాయి ఆడించాడు. ఇత్తడి రజను రాలింది గానీ పేరు పోలేదు. ఇంకాస్త ఆడించాడు. అక్షరాల అడుగు కనిపించేలోపే పలక అంచు వంగడం మొదలుపెట్టింది. ఇంకా తీస్తే చిల్లిపడుతుంది.

భార్య వచ్చి చూసి, ఎందుకండీ దాన్ని అలా అరగదీస్తారు, వదినగారి గదిలో గోడకి కొడదాం అంది. వెనకే అక్క మెట్లు దిగి వచ్చింది. తల వంచి లోపలికొచ్చి మడత కుర్చీలో కూర్చుంది. గోడకి కొడితే నలుగురూ చూసి మెచ్చుకుంటారని, వాళ్ళలో ప్రతి ఒక్కరికీ అది గెలిచింది కాదని చెప్పుకోవాలని, ఈ వయసులో అంత ఓపిక తనకి లేదని మరదలితో అంది. మరదలు మూతి ముడుచుకుని టీ పెట్టడానికి పైకి పోయింది.

ఇద్దరూ మిగిలారు. వీధిలో తాళాలవాడు ఏదో తాళాన్ని సుత్తితో కొడుతున్నాడు.

"తెలిసే చెక్కావా?" అంది అక్క.

"తెలీదు."

"తెలీదంటే?"

"చెయ్యి అలా పోయింది."

"నీ చెయ్యే కదరా."

అతను ఆలోచించాడు. ఆ మధ్యాహ్నం ఏమనుకున్నాడో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఏమీ అనుకున్నట్టు లేదు. టీ ఎప్పుడు పెట్టారో తెలియలేదు, అంతే.

"మైకుకి రెండడుగులు వెనక నిలబడాలి మేము," అంది ఆవిడ. "మొదటిరోజు ఒక పెద్దాయన నేల మీద సుద్దముక్కతో గీత గీసి చూపించాడు. ఆ తరవాత గీత అక్కర్లేకపోయింది. నలభై నాలుగేళ్ళు. ఎన్నిసార్లు అనిపించి ఉంటుంది, ఒక్క అడుగు ముందుకి జరిగితే నా గొంతు వినపడుతుందని. జరగలేదు. జరిగితే పాట పాడవుతుంది. నువ్వు జరిగావురా తమ్ముడూ. నాకోసమే అనుకో. కానీ జరిగావు."

తిట్టినట్టు లేదు. స్టూడియోలో కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పే తీరులో ఉంది. టీ వచ్చింది. ముగ్గురూ తాగారు. మరదలు ఏదో అంటే అక్క నవ్వింది కూడా. లేచి వెళ్తూ పలకని తీసుకుని వెలుతురుకి పట్టుకుని చూసింది. అరగదీసినచోట ఇత్తడి కొత్తగా మెరుస్తోంది. మధ్యలో పేరు ఇంకా చదవొచ్చు.

"అక్షరాలు మాత్రం బాగున్నాయి," అని దాన్ని అతని చేతిలో పెట్టింది.

మూడో రోజు పొద్దున అతను గడ్డం గీసుకుని, పెట్టె చంకన పెట్టుకుని ఆఫీసుకి నడిచి వెళ్ళాడు. సంగీతం వాళ్ళ ఆఫీసు రెండో అంతస్తులో. గోడలనిండా పాత గెలుపువాళ్ళ ఫొటోలు, ప్రతి ఫొటోలో బొమ్మ, ప్రతి బొమ్మ కింద అతను చెక్కిన పలక, ఫొటోలో చదవలేనంత చిన్నది. కార్యదర్శి ఎప్పటిలాగే రండి రండి అని, కుర్చీ చూపించి, పెట్టె ఆ మూల పెట్టెయ్యండి అన్నాడు.

పలకాయన మూల పెట్టలేదు. బల్ల మీద పెట్టి మూత తీశాడు. ముప్పై తొమ్మిది పలకలు ఒకవైపు, ఒకటి విడిగా. కార్యదర్శి ఆ ఒకటి తీసి చూసి, ఇది పోలేదేం అన్నాడు.

"పోదండి. లోతుగా పడింది."

కార్యదర్శి పేరు చదివాడు. అతనికేసి చూశాడు. చెడ్డ మనిషి కాడు. కాసేపు కళ్ళజోడు సర్దుకుని, గొంతు తగ్గించి, పోనీ ఇది మీరే ఉంచుకోండి, ఒక్కదానికి ఎవరడుగుతారు, ముప్పై ఏళ్ళ మనిషి మీరు అన్నాడు. పలకని అతనివైపు జరిపాడు. పలకాయన దాన్ని తీసుకుని, పెట్టెలో ముప్పై తొమ్మిదింటి పక్కన పెట్టి, మూత మూసి, కొక్కెం పెట్టాడు.

అప్పుడే ఫోను మోగింది. వచ్చే ఏడాది మందిరం తేదీ గురించి. కార్యదర్శి ఫోను చెవిన పెట్టుకుని, కూర్చోండి ఒక్క నిమిషం అన్నట్టు అరచెయ్యి చూపించి, కుర్చీ కిటికీవైపు తిప్పుకున్నాడు. లేదండీ, ఆ వారం కుదరదు అంటున్నాడు. వెనక గదిలో బల్లొకటి బాగుచేయించాలండీ, మా పలకాయన ఏటేటా చెబుతున్నాడు అని కూడా అంటున్నాడు.

పలకాయన జేబులోంచి వెనక గది ప్రవేశ కార్డు తీశాడు. దారంతో మెడలో వేసుకునేది, మొదటి ఏడాదిది. తారీకు ఏటేటా మారుస్తారు గానీ కార్డు అదే. దాని ఫొటోలో అతనికి తలనిండా జుట్టుంది. దాన్ని పెట్టె మీద పెట్టి, దారాన్ని చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. ఆ ఆఫీసు నుంచి వచ్చేటప్పుడల్లా గుమ్మం దగ్గర ఆగి, వెళ్ళొస్తానండీ అనడం అతని అలవాటు. కార్యదర్శి వీపు కనిపిస్తోంది. ఫోనులో ఇంకా మాట్లాడుతున్నాడు.

అతను గుమ్మం దాటి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.